గోడ మీద లేని నెల

పై లాకు కళాసీ కొక్కిలిగడ్డ మోపిదేవి నోరు విప్పాడంటే కాలవలో జెల్లలు కూడా మీసాలు ఆడించడం మానేసి వింటాయని గట్టు మీద చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ తాత ఓ తుపానులో లాకు తలుపుకి వీపు ఆనించి మూడు రోజులు వరదని ఆపాడట. ఆ వీపు మీద చెక్కల అచ్చు పడిపోయి, తర్వాత ఆయన బోర్లా పడుకుంటే ఇంటికొచ్చిన చుట్టాలు తలుపనుకుని గొళ్ళెం కోసం తడిమేవాళ్ళట. చెప్పేటప్పుడు మోపిదేవి నవ్వడు. వినేవాళ్ళు పొట్టలు పట్టుకుంటారు.

అలాంటి మనిషి చెప్పిన ఒక్క మాటని మాత్రం అందరూ నిజమని నమ్మారు. చదువుకున్నవాళ్ళు కాగితాల మీద రాసుకున్నారు. చివరికి ఒక యంత్రానికి కూడా నేర్పారు.

ఆ మాట లాకు గోడ దగ్గర పుట్టింది. ఇప్పుడు సముద్రం నుంచి లోపలి రేవుకి పెద్ద ఓడలు ఎక్కే ఈ కాలవ, ఒకప్పుడు చిన్న పడవల కాలవ. పోటు తిథిని బట్టి వస్తుంది కాబట్టి లాకు పనంతా తిథుల మీదే నడిచేది. మోపిదేవి ముత్తాత గట్టు మీద ఇత్తడి గంగాళం పెట్టేవాడు. అందులో ఎన్ని వేళ్ళ వాన నిలిచిందో చూసి, ఆ రోజు తిథి కింద రాతిగోడ మీద ఉలితో గీత చెక్కేవాడు. వాన లేని రోజు చిన్న చుక్క. ఆయన తర్వాత తాత, తండ్రి, మోపిదేవి. నాలుగు తరాల వానలు ఆ గోడ మీద చీమల బారుల్లా సాగిపోయాయి.

డాక్టర్ షమీమ్ అనే ఆవిడ వానల మీద పెద్ద చదువు చదివి ఆ కాలవకి వచ్చింది. గోడ చూసి ఆవిడ గీతల మీద వేలు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది.

"ఇన్నేళ్ళలో ఒక్క రోజైనా తప్పిందా, మోపిదేవి గారూ?"

"తప్పటమా! మా నాయన పెళ్ళి పీటల మీంచి లేచొచ్చి గీత గీసి, మళ్ళా పోయి తాళి కట్టాడమ్మా. ఒక్క రోజు తప్పిందని చూపిస్తే నా మీసం తీసి మీ చేతిలో పెడతా."

పక్కనున్న ఆయన కూతురు నాంచారి నవ్వింది. "మీసం సంగతి నమ్మబాకండి మేడం. గోడ సంగతి నమ్మొచ్చు," అంది. కంప్యూటర్ల డిగ్రీ చదివిన పిల్ల. డాక్టరమ్మ ఆ రోజే ఆమెని పనిలోకి తీసుకుంది. నాంచారి ఏడు నెలలు ఆ గోడ ముందు పీట వేసుకుని కూర్చుని, ఒక్కో గీతనీ కొలిచి యంత్రంలోకి ఎక్కించింది.

ఆ యంత్రాన్ని జనం వాన కాపరి అన్నారు. డాక్టరమ్మ మొదటిసారి చూపించినప్పుడు మోపిదేవి అక్కడే ఉన్నాడు. బల్ల మీద వెడల్పాటి గాజు పళ్ళెం, అందులో మంచు పొగ. ఆవిడ మీట నొక్కితే చెవికి ఏమీ వినపడలేదు గానీ పళ్ళు జివ్వుమన్నాయి. పొగ లేచి, పళ్ళెం అంచు దాకా నడిచి, దొడ్డి తలుపు దగ్గర మేకలా నిలబడిపోయింది.

"ఇదేం మంత్రమమ్మా?"

"మంత్రం కాదండీ, చెవికి అందని రొద. సముద్రానికి ఉన్నట్టే గాలికీ పోటు ఉంటుంది, అదీ తిథిని బట్టే. ఏ తిథికి ఇక్కడ మబ్బు ఎలా నడిచేదో తెలిస్తే, దాన్ని మనం నడిపించొచ్చు. టౌన్లో వాన లెక్కలు ఇచ్చి చూశాను, పనికిరాలేదు. మీ గోడ ఇస్తే పొగ మాట వింది."

అదే రొద చేసే స్తంభాలు కాలవ గట్టు పొడుగునా పదకొండు లేచాయి. ఓడలు దిగే వేళ మబ్బుల్ని పక్కకి తోలడం, పై చెరువు మీదికి తీసుకుపోయి అక్కడ కురిపించడం వాటి పని. ఓడ లాకు దిగిన ప్రతిసారీ చెరువు నీళ్ళు ఓ లాకుడు సముద్రంలో కలిసిపోతాయి. వాన లేకపోతే చెరువు లేదు, చెరువు లేకపోతే కాలవ లేదు.

అంతకుముందు ఈ కాలవలో సుఖంగా ప్రయాణం చేయాలంటే పుష్యమాసం కోసం కాచుకోవాల్సిందే. మార్గశిరం దాకా తుపాన్లు. ఫాల్గుణం సగం దాటితే వడగాలి, గట్టు మీద చెయ్యి పెడితే బొబ్బ. నడుమ ఆ రెండున్నర నెలలే చల్లటి గాలి, తేట ఆకాశం, నిండు నీళ్ళు, తెల్ల కొంగలు. కాపరి వచ్చాక రెండేళ్ళలో ఆషాఢంలో కూడా జనం ఓడల మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాన వాళ్ళకి ఎడంగా, చెరువు మీద, చెప్పిన మాట విని కురిసేది.

మూడో ఏడు ఆషాఢ అమావాస్య వెళ్ళింది. మర్నాటి నుంచి చినుకు లేదు.

మొదటి వారం అందరూ సంబరపడ్డారు. రేవు వాళ్ళు శ్రావణంలో మాఘమాసం అని పెద్ద బోర్డులు కట్టారు. రోజుకి ఆరు ఓడలు దిగే చోట పది దిగాయి. పడమటి కొండల మీద మాత్రం మబ్బు పేరుకోవడం మొదలైంది. తెల్ల మబ్బు బూడిద రంగయింది, బూడిద రంగుది నల్లబడింది. రోజూ కొంచెం ఎత్తు పెరుగుతోంది గానీ అంగుళం ముందుకు రావడం లేదు. కొండలకీ కాలవకీ నడుమ పై ఊళ్ళలో నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. ఆడవాళ్ళు బిందెలతో మూడు మైళ్ళు నడిచి కాలవకి వస్తున్నారు.

మోపిదేవి కథలు చెప్పడం మానేశాడు. అది ముందు నాంచారే గమనించింది.

"ఏంది నాన్నా, పదిరోజులై జ్వరమొచ్చిన కోడిలా ఉన్నావు? నిన్న ఓడ మీద వాళ్ళు అడిగితే కూడా ఏం చెప్పలేదంట."

"గొంతు బాగాలేదులే."

"నీ గొంతు బాగాలేకపోవటమా! మబ్బు కదలకపోవటం కంటే అదే పెద్ద వింత."

ఆయన అన్నం కలుపుతూ ఉండిపోయాడు. మొదటి రోజే ఆయనకి తెలుసు. ఇది అధిక శ్రావణం. పంతొమ్మిదేళ్ళకోసారి వచ్చే నెల. అధిక మాసంలో రాతి మీద ఇనుము పెట్టకూడదని వాళ్ళింటి పట్టింపు. ముత్తాత పెట్టలేదు, తాత పెట్టలేదు, తండ్రి పెట్టలేదు. గంగాళం గట్టు మీదే ఉండేది, చూసేవాళ్ళు కూడా, ఉలి మాత్రం ముట్టుకునేవాళ్ళు కాదు. ఆషాఢ అమావాస్య పక్కనే నిజ శ్రావణ పాడ్యమి గీత. నడుమ వేలెడు సందు కూడా లేదు, చూసేవాడికి అక్కడొక నెల పోయిందని తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్క రోజు తప్పలేదని తను మీసం మీద ఒట్టేసి చెప్పిన గోడలో ఇలాంటి నెలలు ఎన్నో పోయాయి. అన్నిట్లోకీ ఇదొక్కటే కాపరి ఎదురుపడ్డ నెల.

యంత్రానికి ఆ నెలలో వాన అన్నదే తెలియదు. తెలియనిదాన్ని అది రానివ్వడం లేదు. గోడ మీద లేని నెల ఆకాశంలో కూడా లేకుండా పోయింది.

చెబితే నాంచారి ఏడు నెలల పని అబద్ధమవుతుంది. అదొక్కటే అయితే ఎప్పుడో చెప్పేవాడు. చెబితే ఆ నెల గురించి అడుగుతారు. అదీ ఆయన భయం.

ఇరవై రెండో రోజు పొద్దున డాక్టరమ్మ మనసుకి తోచిన చిన్న చిన్న వానలు కొన్ని యంత్రానికి ఇచ్చి చూసింది. పళ్ళెంలో పొగ కొంచెం వణికింది. ఆవిడ తొందరలో పట్టించుకోలేదు. మూడో స్తంభం పైన ఆకాశం ఒక్క చోట చిరిగి, ఒక్క బారున నీళ్ళు పడ్డాయి. కావలి గది గోడ కూలింది. లోపలున్న కావలి మనిషి చెయ్యి విరిగింది.

మధ్యాహ్నం ఆవిడ లాకు గదిలో తల పట్టుకుని కూర్చుంది. నాంచారి కంప్యూటరు ముందు, మోపిదేవి గుమ్మంలో.

"ఆపేస్తే పోదా మేడం?" అంది నాంచారి.

"మంద మొత్తం తలుపుని తోస్తూ ఉంటే తలుపు తీసేస్తావా? ఇరవై రెండు రోజుల వాన ఒక్క పూటలో పడుతుంది. చెరువు కట్ట ఆగదు. ఆపకపోయినా ఎనిమిది రోజుల్లో నెల మారుతుంది, ఆ నెలకి యంత్రంలో వాన ఉంది, అప్పుడు కాపరే తలుపు తీస్తుంది. కింద లాకు దగ్గర ఎన్ని ఇళ్ళున్నాయి?"

"ఎనభై," అంది నాంచారి. "నాకేం అర్థం కావట్లా. గోడ మీద అన్నీ ఎక్కించానే. తప్పు ఎక్కడ చేశానో!"

"నువ్వు చెయ్యలేదే," అన్నాడు మోపిదేవి.

లోపలికొచ్చి, నేల మీద కూర్చుని, ఇంటి పట్టింపు సంగతి మొత్తం చెప్పాడు. చెప్పడం అయ్యాక డాక్టరమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. నాంచారి అంది.

"ఇరవై రెండు రోజులు తెలిసి నోరు మూసుక్కూచున్నావా నాన్నా? ఊరికే ఉన్న రోజున ఊరంతా వినేలాగా వాగుతావే! నారుమళ్ళు ఎండాయి, ఆ మనిషి చెయ్యి విరిగింది..."

"నాంచారీ, తర్వాత తిట్టుకో," అని డాక్టరమ్మ అడ్డుపడింది. "మోపిదేవి గారూ, పంతొమ్మిదేళ్ళ కిందటి అధిక శ్రావణం మీకు గుర్తుందా? ముప్పై రోజులూ? ఆ ఒక్క నెల నిజంగా తెలిస్తే చాలు. ఈ ఎనిమిది రోజుల్లో మబ్బుని విడతలుగా దించుతుంది. ఓడలు ఆపేసి చెరువు తూములన్నీ తీయిస్తాను."

గుర్తుండకపోవడమా! ఆ నెల మర్చిపోవడానికే ఆయన పంతొమ్మిదేళ్ళు కష్టపడ్డాడు. అందుకే ఒక్క రోజు కూడా మరుపు రాలేదు.

చెప్పడం మొదలుపెట్టాడు. పాడ్యమి, రెండు వేళ్ళు, తెల్లారగట్ట. విదియ, వాన లేదు, ఉక్కపోత. తదియ, వేలెడు, సాయంత్రం, పడమటి గాలి. ఒక్క కోత లేదు, ఒక్క చమత్కారం లేదు. డాక్టరమ్మ ఒక్కో రోజూ ముందు పళ్ళెం మీద చూస్తోంది. పొగ కదలడం, నిలవడం, అంచు దాటి సన్నగా జారడం. ఒక రోజు వానకీ మర్నాటి వానకీ ముడి ఉంటుందని, ఆ ముడి పడితేనే నిజమని ఆవిడ చెప్పింది. పదకొండు రోజులూ ముడి పడింది.

"ద్వాదశి," అంది నాంచారి. వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. "ఇది నాకు తెలుసులే. అమ్మ పోయిన రోజు."

మోపిదేవి గోడ వైపు చూశాడు. "కుంభవృష్టి," అన్నాడు. "గంగాళం పొంగి పొర్లింది. పది వేళ్ళు."

నాంచారి పది వేసింది. పళ్ళెంలో పొగ గిర్రున తిరిగి, చెదిరి, బల్ల మీద నుంచి కిందికి కారిపోయింది. మళ్ళీ చూశారు. మళ్ళీ చెదిరింది.

"ఎక్కడో ఒక రోజు తప్పుంది," అంది డాక్టరమ్మ. "బహుశా ఈ ద్వాదశే..."

"ఆ రోజు కాదు మేడం." నాంచారి గొంతు గట్టిగా ఉంది. "మిగతావి తప్పేమో గానీ ఆ రోజు కాదు. నాకప్పుడు ఆరేళ్ళు, మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నా. వానకి గట్టు జారి అమ్మ కాలవలో పడింది. ఈ కాలవ మీద అందరికీ తెలుసు ఆ వాన సంగతి. అడగండి కావాలంటే. ఏకాదశి చూడు నాన్నా, ఏకాదశి సరిగ్గా గుర్తు తెచ్చుకో."

ఆయన కిటికీలోంచి చూశాడు. కింద లాకులో ఆఖరి ఓడ దిగుతోంది. దాని మీద జనం ఎండలో ఫోటోలు తీసుకుంటున్నారు, పడమటి మబ్బు గోడ ముందు నిలబడి, ఒకళ్ళనొకళ్ళు సర్దుకుని. ఆ గోడ కింద ఎనభై ఇళ్ళు. పిల్ల అడుగుతోంది, ఏకాదశి వేలెడా, రెండు వేళ్ళా అని. ఏదో ఒకటి అనొచ్చు. యంత్రం నమ్మదు, ఈ పిల్ల నమ్ముతుంది. పంతొమ్మిదేళ్ళుగా నమ్మింది.

"ఏకాదశి సరిగ్గానే చెప్పా," అన్నాడు. "ద్వాదశి వాన లేదు."

"ఏంది?"

"చుక్క పడలా. గట్టు పొడిగా ఉంది. దుమ్ము లేస్తా ఉంది."

నాంచారి కుర్చీలో పూర్తిగా ఇటు తిరిగింది.

"మీ అమ్మ లాకు తలుపు సందులోకి దిగింది, గొలుసుకి పట్టిన గుర్రపుడెక్క నాచు తీయటానికి. రోజూ దిగేదే. పైకొచ్చి 'వచ్చేశా' అని కేకేస్తేనే నేను తలుపు చక్రం తిప్పాలి. అది మా ఇద్దరి మధ్య కట్టడి. లాంచీ ఆగి ఉంది. పైన ముప్పై మంది. నేను కథ చెప్తన్నా. నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లో కేక వినపడిందనుకున్నా." ఆయన రెండు అరచేతులూ చూసుకున్నాడు. "ఆవిడ కేకెయ్యలా. నేను తిప్పేశా."

గదిలో యంత్రం గుయ్యిమంటోంది. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"మరి వాన?" అంది నాంచారి. "అందరూ చెప్పారే. పెద్దమ్మ చెప్పింది, లాంచీ సరంగు చెప్పాడు. గట్టంతా బురదగా ఉందని, మోసేవాళ్ళ కాళ్ళు కూడా జారాయని..."

"అది మర్నాడు. త్రయోదశి. తెల్లారకముందే పట్టుకుంది, నాలుగు వేళ్ళు. చూడొచ్చినోళ్ళంతా ఆ బురదలోనే వచ్చారు. ముందు రోజు నుంచే కురుస్తా ఉందన్నా. లాంచీలో వాళ్ళకి కూడా పదిసార్లు అదే చెప్పా, చెప్పగా చెప్పగా వాళ్ళకీ అట్టాగే గుర్తుండిపోయింది." ఆయన గొంతు ఇప్పుడు నిజంగానే బాగాలేదు. "డాక్టరమ్మ ఇప్పుడు జరుపుతున్నారమ్మా వానని. నేనప్పుడే జరిపా. ఒక్క రోజు ముందుకి."

నాంచారి మెల్లగా కంప్యూటరు వైపు తిరిగింది. ద్వాదశి ఎదురుగా పది చెరిపేసి సున్నా వేసింది. దాని కింద నాలుగు. పళ్ళెంలో పొగ లేచి, నడిచి, అంచు దగ్గర నిలబడి, సన్నగా జారింది. ముడి పడింది.

"చతుర్దశి," అంది. చెంపలు తడిసి ఉన్నాయి, తుడుచుకోలేదు. "ఆగబాక. ఇంకా పదిహేడు రోజులున్నాయి."

సాయంత్రం నాలుగింటికి మొదటి స్తంభం పలికింది. పడమటి మబ్బు ఇరవై రెండు రోజుల తర్వాత ఒక అడుగు ముందుకేసింది. ఆఖరి ఓడ మీద జనం కుర్చీలు ఎత్తుకుని లోపలికి పరిగెత్తారు. ఎనిమిది రోజులు పడింది, ఆగి ఆగి, ఆ నెల పడ్డట్టే. తూములన్నీ తెరిచి ఉంచారు. కింద లాకు ఇళ్ళలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. రెండు పూరిళ్ళు ఒరిగాయి. చెరువు కట్ట నిలబడింది, మనిషి ఎవరూ పోలేదు. ఎండిన నారు మాత్రం మళ్ళీ పచ్చబడలేదు. పై ఊళ్ళలో ఆ ఏడు నాట్లు లేవు.

మోపిదేవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి తన సంగతి పోలీసులకి రాయమన్నాడు. ఆవిడ రాయలేదు. "అది నేను రాసేది కాదండీ," అంది. ఆయనే వెళ్ళి చెప్పాడు. పంతొమ్మిదేళ్ళ నాటి కాగితాలు చెదలు తిన్నాయని, మళ్ళీ కబురు చేస్తామని చెప్పి పంపేశారు.

నాంచారి ఆ ఎనిమిది రోజులూ ఇంటికి రాలేదు. డాక్టరమ్మ ల్యాబులోనే పడుకుంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వాన వెలిశాక వచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లోకి వెళ్ళింది. రెండు కంచాలు పెట్టింది. ఒకటి ఆయన ముందుకి జరిపి, ఎదురుగా కూర్చుంది.

పంతొమ్మిదేళ్ళుగా ఆయన కూతురికి చెప్పిన వాళ్ళమ్మ సామ్రాజ్యం ఎలాంటిదంటే, ఆవిడ చేపల పులుసు పెడితే ఆ వాసనకి పడవలు దారి తప్పి ఈ లాకుకే వచ్చేవి. నవ్వితే రెండు ఊళ్ళ అవతల గుడిగంటలు వినపడ్డాయనుకునేవాళ్ళు. ఆ అమ్మే నాంచారికి తెలిసిన అమ్మ.

"అమ్మ వంట ఎట్టా ఉండేది?" అంది నాంచారి, ఆయన మొహంలోకి చూడకుండా. "నిజం చెప్పు."

మోపిదేవి కంచంలో చెయ్యి పెట్టి చాలాసేపు ఆలోచించాడు.

"ఉప్పెక్కువేసేది," అన్నాడు. "రోజూ."

నాంచారి ముద్ద కలిపింది. "ఇంకా?" అంది.